ఫారంలో టిక్ పెట్టే కారణం వేరు, చేరే కారణం వేరు

మీరు అడిగింది ఇది. మీ చెల్లికి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. ఒకటి బాగా పేరున్నది, కానీ అందులో దొరికింది తను రెండో ఇష్టంగా రాసుకున్న కోర్సు. ఇంకోదానికి అంత పేరు లేదు, కోర్సు మాత్రం తను మొదటి నుంచీ కోరుకున్నదే. ఇంట్లో అందరూ మొదటిదే అంటున్నారు, తను ఎటూ తేల్చుకోలేకపోతోంది. అసలు పిల్లలు ఒక యూనివర్సిటీని ఏం చూసి ఎంచుకుంటారు, ఏం చూసి ఎంచుకోవాలి?

నేను పదకొండేళ్లు పాఠాలు చెప్పాను, ఆ తర్వాత ఎనిమిదేళ్లు అడ్మిషన్ల పని చూశాను. కాబట్టి ఈ ప్రశ్నకు పిల్లలు పైకి చెప్పే జవాబూ విన్నాను, కాస్త చనువు పెరిగాక చెప్పే జవాబూ విన్నాను. రెండూ ఒకటిగా ఉన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ ఇంట్లో నడుస్తున్న వాదన కూడా చాలావరకు ఆ పైకి చెప్పే జవాబు గురించే అనిపిస్తోంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా దగ్గర చేరిన మొదటి వారంలో ఒక ఫారం ఇచ్చేవాళ్లం. "ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నారు?" అని ప్రశ్న, కింద తొమ్మిది గడులు. టిక్కులన్నీ దాదాపు మొదటి రెండింటిలోనే పడేవి, విద్యా ప్రమాణాలు, ఉద్యోగావకాశాలు. ఒక ఏడాది ఒకమ్మాయి "విద్యా ప్రమాణాలు" దగ్గర టిక్ ఎంత గట్టిగా పెట్టిందంటే కాగితం వెనక వైపుకి గీత తేలింది. ఏ సబ్జెక్టు చూసి అలా అనిపించిందమ్మా అని ఊరికే అడిగాను. నవ్వేసి, "నిజం చెప్పనా మేడమ్, మిగతా మూడు చోట్ల అప్లికేషన్‌తో పాటు పెద్ద వ్యాసం రాసి పంపమన్నారు, మీరొక్కరే అడగలేదు" అంది.

ఆ అమ్మాయి అబద్ధం రాసిందని నేను అనుకోను. చేరిపోయాక, ఎందుకు చేరానో తనకు తాను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు గౌరవంగా కనిపించే కారణమే ముందు గుర్తొస్తుంది. అమెరికాలో 1966 నుంచి ఏటా కొత్తగా చేరిన విద్యార్థుల మీద ఒక పెద్ద సర్వే జరుగుతూ వచ్చింది, చాలా కాలంగా దాన్ని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నడిపింది. అందులోనూ ఏళ్ల తరబడి పైన ఉన్న కారణం ఇదే, "చదువుపరంగా మంచి పేరుంది". దాని వెనకే "ఇక్కడ చదివినవాళ్లకు మంచి ఉద్యోగాలు వస్తాయి". ఎక్కడ అడిగినా ఇంతే. అడిగితే వచ్చేది ఈ జవాబు.

అడగకుండా, వాళ్లు చేసింది చూస్తే కథ మారిపోతుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి చెప్తాను. అమెరికాలో ఏసీటీ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఒకప్పుడు ఆ మార్కులను మూడు కాలేజీలకు ఉచితంగా పంపుకోగలిగేవాళ్లు, నాలుగోదానికి 6 డాలర్లు కట్టాల్సి వచ్చేది. 1997లో ఆ నాలుగోది కూడా ఉచితం చేశారు, అంతే, మరేమీ మార్చలేదు. అమాండా పల్లై అనే ఆర్థికవేత్త ఆ మార్పుకు ముందూ తర్వాతా లెక్కలు తీస్తే, అంతకుముందు ఎక్కువమంది సరిగ్గా మూడింటికే పంపేవాళ్లు, తర్వాత ఎక్కువమంది నాలుగింటికి పంపడం మొదలుపెట్టారు. ఆ అదనపు చీటీ వల్ల తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు అంతకంటే మంచి కాలేజీలకు దరఖాస్తు చేశారు, చేరారు కూడా. నాలుగేళ్ల జీవితాన్ని, ఒక్కోసారి ఆ తర్వాత నలభై ఏళ్లనీ మార్చే నిర్ణయం ఒక ఫారంలో ఎన్ని ఖాళీ గళ్లు ఉన్నాయన్న దాని మీద తిరిగింది. వాళ్లలో ఏ ఒక్కరినీ అడిగినా "గళ్లు నాలుగున్నాయి కాబట్టి" అని చెప్పరు కదా, తెలియదు కూడా.

ఇంకోటి వాతావరణం. ఉరి సైమన్‌సన్ అనే పరిశోధకుడు, చదువు బాగా గట్టిగా ఉంటుందని, సరదాలకు మాత్రం పెద్దగా పేరులేని ఒక యూనివర్సిటీని చూడ్డానికి వచ్చిన 1,284 మంది విద్యార్థుల సంగతి లెక్క తీశాడు, 2010లో అచ్చయింది. వాళ్లు క్యాంపస్ చూసిన రోజు ఆకాశం మబ్బుగా ఉంటే చేరే అవకాశం పెరిగింది! ఎండగా, హాయిగా ఉన్న రోజు వచ్చినవాళ్లు తక్కువగా చేరారు. తిరగేసి చెప్పానేమో అనుకోకండి, సరిగ్గానే రాశాను. మబ్బు పట్టిన రోజు ఇంట్లో కూర్చుని పుస్తకం తెరవాలనిపిస్తుంది, అలాంటప్పుడు చదువుకునే చోటు నచ్చుతుంది, ఎండ రోజున బయట తిరగాలనిపిస్తుంది, ఇక్కడ ఏముందిలే అనిపిస్తుంది. ఆయన ఇచ్చిన వివరణ సుమారుగా ఇదే. అడ్మిషన్లలో ఉన్నప్పుడు ఇది చదివి, క్యాంపస్ చూపించే రోజులకు ముందు మేం ఎంత కంగారుగా గోడలకు సున్నాలు వేయించేవాళ్లమో గుర్తొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను.

ఇక అక్కలు, అన్నలు. ఇది మీకు సూటిగా తగిలేదే కాబట్టి రాస్తున్నాను. చిలీ, క్రొయేషియా, స్వీడన్, అమెరికా, ఈ నాలుగు దేశాల అడ్మిషన్ల రికార్డులు పెట్టుకుని చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. కటాఫ్‌కు కొద్దిగా పైన నిలిచి సీటు తెచ్చుకున్న పెద్ద పిల్లలని, కొద్దిలో సీటు పోగొట్టుకున్న పెద్ద పిల్లలని పోల్చారు. అంటే తెలివిలో ఇద్దరూ ఇంచుమించు సమానం, తేడా అదృష్టానిది. సీటు వచ్చినవాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ అదే కాలేజీకి దరఖాస్తు చేయడం, చేరడం స్పష్టంగా ఎక్కువ. నాలుగు దేశాల్లో నాలుగు రకాల అడ్మిషన్ పద్ధతులు, ఫలితం మాత్రం ఒకటే. కాబట్టి మీరు ఎక్కడ చదివారు, దాని గురించి ఇంట్లో ఎలా మాట్లాడతారు అన్నది మీ చెల్లి తలలో ఇప్పటికే పనిచేస్తోంది, మీరు సలహా ఇచ్చినా ఇవ్వకపోయినా.

ఇప్పుడు "పేరు" సంగతికి వద్దాం, మీ ఇంట్లో గొడవంతా దాని గురించే కదా.

పేరు అంటే ఈ రోజుల్లో ర్యాంకు. ర్యాంకు అంటే ఒక అంకె. ఆ అంకెకు ఎంత బలముందో మైకేల్ లూకా, జొనాథన్ స్మిత్ అనే ఇద్దరు చూశారు. అమెరికాలో ఒక పత్రిక ఇచ్చే ర్యాంకుల్లో కాలేజీ ఒక్క మెట్టు ఎక్కితే దరఖాస్తులు ఇంచుమించు ఒక శాతం పెరిగాయి. అది పెద్ద వింత కాదు. అదే పత్రిక కొన్ని కాలేజీలను వరుస నంబర్లు ఇవ్వకుండా అక్షరక్రమంలో అచ్చు వేసింది, వాటి నాణ్యత వివరాలన్నీ పక్కనే ఉన్నాయి, కావాలంటే ఎవరైనా కూడుకుని వరుస తేల్చుకోవచ్చు. అలా వేసినప్పుడు ఆ వివరాలకు విద్యార్థులు స్పందించనే లేదు. సమాచారం అదే, ఎడమ పక్కన అంకె లేదు, అంతే తేడా.

ఆ అంకెలో ఏముందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ప్రపంచ యూనివర్సిటీలకు ఇచ్చే, 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్ తీసుకోండి. అందులో 30 శాతం మార్కులు నోబెల్ బహుమతులకు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్స్‌కు పోతాయి, 10 శాతం అక్కడ చదివి తెచ్చుకున్నవాళ్లకు, 20 శాతం అక్కడ పనిచేస్తూ తెచ్చుకున్నవాళ్లకు. ఇంకో 20 శాతం నేచర్, సైన్స్ అనే రెండు పరిశోధన పత్రికల్లో వచ్చిన వ్యాసాలకు. మిగతాదీ చాలావరకు పరిశోధనే. మొదటి ఏడాది పిల్లకు పాఠం ఎలా చెప్తారన్నదానికి మార్కు సున్నా, ఎందుకంటే అది కొలవడానికి పెట్టిన ర్యాంకింగ్ కాదు. క్యూఎస్ వాళ్లది ఇంకో రకం, అందులో 30 శాతం "ఏ యూనివర్సిటీలు గొప్పవి" అని ప్రొఫెసర్లను అడిగి వేసే మార్కు, కొన్నేళ్ల కిందటి దాకా అది 40 శాతం. ఇంకో 15 శాతం ఉద్యోగాలిచ్చేవాళ్లను అడిగి వేస్తారు. అంటే పేరుంది కాబట్టి మార్కు, మార్కుంది కాబట్టి ర్యాంకు, ర్యాంకుంది కాబట్టి పేరు. నేనూ అలాంటి సర్వే ఒకటి నింపాను, నాకు తెలిసిన ఊళ్లు, తెలిసిన స్నేహితులు, ఎప్పుడో సెమినార్‌లో కలిసినవాళ్లు గుర్తొచ్చి గబగబా పేర్లు రాసి పంపేశాను. అక్కడ క్లాసులో ఏం జరుగుతోందో నాకేం తెలుసు?

పైగా అంకెల వెనక లెక్కలు యూనివర్సిటీలే ఇచ్చుకుంటాయి. 2022లో కొలంబియా యూనివర్సిటీ గణితం ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ తన సొంత యూనివర్సిటీ ఇచ్చిన లెక్కలనే ప్రశ్నిస్తూ రాశాడు, క్లాసుల్లో ఎంతమంది ఉంటారు, అధ్యాపకుల్లో ఎందరికి పై డిగ్రీలున్నాయి వంటివి. కొన్ని లెక్కలు తప్పుగా ఇచ్చామని యూనివర్సిటీ తర్వాత ఒప్పుకుంది. ఆ ఏడాది, ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ జాబితాలో 2వ స్థానం నుంచి 18కి జారింది. ఆ మధ్యలో చేరిన పిల్లలకు క్లాసు గది మారిందా, మాస్టారు మారాడా? ఏమీ మారలేదు. పదహారు మెట్లు మాత్రం దిగిపోయింది.

అంటే పేరుకు విలువ లేదా అంటే, ఉంది. కానీ ఎవరికి, దేనికి అన్నది చూడాలి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలామంది నోట నానింది. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకే రకంగా సీట్లు తెచ్చుకుని, ఒకరు బాగా పేరున్నదాంట్లో, ఇంకొకరు అంత లేనిదాంట్లో చేరితే, ఏళ్ల తర్వాత సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ పిల్లల సత్తా, ఆశ, పట్టుదల ముందే వాళ్లతో ఉన్నాయి, కాలేజీ పేరు కొత్తగా తెచ్చిపెట్టింది తక్కువ. దీనికి మినహాయింపు ఉంది, దాన్ని మర్చిపోకండి: పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు పేరున్న కాలేజీ నిజంగా పనికొచ్చింది. ఇంట్లో దొరకని పరిచయాలు వాళ్లకు అక్కడే దొరుకుతాయి కాబట్టి, నాకు తోచిన కారణం ఇది. సినిమా దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌ను సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ సినిమా విభాగం తీసుకోలేదు, ఆయన లాంగ్ బీచ్‌లోని ఇంకో యూనివర్సిటీలో చేరి, మధ్యలో మానేసి, 2002లో వచ్చి డిగ్రీ పూర్తి చేసుకున్నాడన్న సంగతి ఈ చర్చలో ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. ఒక్కరి కథతో ఏదీ తేలదు గానీ వినడానికి బాగుంటుంది.

ఎదుటి వైపు కూడా చెప్పాలి. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్తలు చేసిన పెద్ద అధ్యయనంలో, అమెరికాలోని పన్నెండు అత్యంత పేరున్న కాలేజీల్లో చేరడం వల్ల సగటు సంపాదన పెద్దగా పెరగలేదు గానీ, అందరికంటే పైనున్న ఒక శాతంలోకి వెళ్లే అవకాశం మాత్రం బాగా పెరిగింది. పెద్ద సంస్థల్లో, పెద్ద పదవుల్లోకి తలుపులు తెరుచుకుంటాయి. కాబట్టి మీ చెల్లికి వచ్చిన పేరున్న యూనివర్సిటీ ఆ కోవలోదైతే, తను వెళ్లాలనుకునే దారి అలాంటి తలుపుల గుండా పోయేదైతే, ఇంట్లోవాళ్ల మాటలో పస ఉంది. మామూలుగా "పేరున్నది" అనిపించుకునే వందల యూనివర్సిటీల్లో ఒకటైతే ఈ లెక్క దానికి వర్తించదు.

కోర్సు సంగతి ఇంకా సూటిగా తేలింది. నార్వేలో అడ్మిషన్ అంటే కోర్సు, కాలేజీ రెండూ కలిపి ఒకటిగా ఇష్టక్రమంలో రాసుకుంటారు, మార్కుల్ని బట్టి సీటు వస్తుంది. కాబట్టి ఎవరికి ఏది మొదటి ఇష్టం, ఏది రెండోది అన్నది రికార్డులోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని కిర్కెబోయెన్, లూవెన్, మోగ్‌స్టాడ్ అనే ముగ్గురు 2016లో చూపించింది ఏమిటంటే, ఏ కోర్సు చదివారన్న దాన్ని బట్టి సంపాదన చాలా మారింది, అదే కోర్సును ఇంకాస్త గట్టి కాలేజీలో చదివినందువల్ల వచ్చిన తేడా దాంతో పోలిస్తే చిన్నది. మీ చెల్లి ముందున్న చిక్కు ఇంచుమించు ఇదే. రెండో ఇష్టమైన కోర్సు పెద్ద సంపాదన కోర్సే కావచ్చు, అప్పుడు లెక్క అటు తిరుగుతుంది, అది మీరే చూసుకోవాలి. కానీ "కోర్సు ఏదైతేనేం, బోర్డు మీద పేరు ముఖ్యం" అన్న మాటకు మాత్రం ఆధారం బలహీనం.

ఇక్కడ నా సొంత బుద్ధితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. పై చదువుకు నేను ఒక యూనివర్సిటీని ఎంచుకున్నది ఒకే ఒక్క ప్రొఫెసర్‌ను చూసి. ఆయన రాసిన వ్యాసం ఒకటి నోట్సులో మొత్తం ఎత్తి రాసుకున్నాను, వెబ్‌సైట్లో పేరుంది, ఫొటో ఉంది, చెప్పే సబ్జెక్టు ఉంది. వెళ్లి చేరి, మొదటి రోజే ఆయన గది వెతుక్కుంటూ మూడో అంతస్తుకు ఎక్కాను. తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద ఆయన పేరు. లోపల చూస్తే విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆయన వేరే చోటికి వెళ్లిపోయి రెండేళ్లయిందని ఆఫీసులో చెప్పారు, చాలా మామూలుగా చెప్పారు. చేరేముందు ఒక్క మెయిల్ పెట్టి ఉంటే తెలిసేది. పెట్టలేదు, ఎందుకంటే తెలిస్తే నిర్ణయం మార్చుకోవాల్సి వస్తుంది, అప్పటికే నేను అందరికీ చెప్పేసుకున్నాను. ఈ "అందరికీ చెప్పేసుకున్నాను" అన్నది కూడా యూనివర్సిటీ ఎంచుకునే కారణాల్లో ఒకటి. ఏ ఫారంలోనూ దానికి గడి ఉండదు.

అందుకని మీ చెల్లిని నేనైతే ముందుగా ఒకటి అడుగుతాను: ఆ రెండు యూనివర్సిటీల పేర్లు ఎవరూ వినని పేర్లయితే, ఏం చూసి తేల్చుకుంటావు? దీనికి చాలామంది దగ్గర జవాబుండదు, ఎందుకంటే అంతదాకా పేరు తప్ప ఇంకేమీ చూసి ఉండరు. చూడాల్సినవి నాకు తెలిసినవి చెప్తాను, వరస పెట్టి కాదు, గుర్తొచ్చినట్టు.

రెండో ఏడాది టైమ్‌టేబుల్ సంపాదించండి. మొదటి ఏడాదిది వద్దు, అది ఎక్కడైనా ఒకేలా ఉంటుంది, బ్రోషర్‌లో ఉన్నది అసలే వద్దు. రెండో ఏడాదిలో ఏ పేపరు ఎవరు చెప్తున్నారు, వాళ్లు ఆ యూనివర్సిటీలో పర్మినెంటా, గంటల లెక్కన వచ్చి పోయేవాళ్లా, వారంలో ల్యాబ్ ఎన్నిసార్లు, బ్రోషర్‌లో ఊరించిన ఐచ్ఛిక సబ్జెక్టులు నిజంగా ఈ ఏడాది నడుస్తున్నాయా, పిల్లలు చాలినంతమంది లేరని ఎత్తేశారా. నేను పనిచేసిన చోట జాబితాలో ఇరవై రెండు ఐచ్ఛికాలు ఉండేవి, ఏ ఏడాదీ ఏడుకు మించి నడవలేదు. ఎవరూ దాచలేదు, ఎవరూ అడగనూ లేదు.

కోర్సు మార్చుకునే రూలు ఏమిటో రాతపూర్వకంగా కనుక్కోండి. పేరున్నదాంట్లో చేరి, లోపలికి వెళ్లాక ఇష్టమైన కోర్సుకు మారొచ్చులే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. "మారొచ్చు" అని ఫోన్లో చెప్పేవాళ్లు చెప్తారు. కిందటేడు ఎంతమంది అడిగారు, ఎంతమందికి ఇచ్చారు అని అడగండి, అసలు సంగతి అక్కడ తేలుతుంది.

ఉద్యోగాల లెక్కలో రెండు మోసాలు మామూలు. ఒకటి సగటు. పదిమందిలో 9 మందికి జీతం 4 లక్షల చొప్పున, ఒకరికి 64 లక్షలు వస్తే సగటు 10 లక్షలు అవుతుంది, ఆ 10 మాత్రం ఒక్కరికీ రాలేదు. కాబట్టి సగటు వదిలేసి, అందరినీ వరుసలో నిలబెడితే నడిమధ్య ఉన్నవాళ్లకు ఎంతొచ్చిందో అడగండి. రెండోది, "95 శాతం మందికి ఉద్యోగాలు" అన్నప్పుడు ఎంతమందిలో 95 శాతం? చేరినవాళ్లందరిలోనా, చివరిదాకా మిగిలి, అర్హత ఉండి, పేరు నమోదు చేసుకున్నవాళ్లలోనా? చేరినవాళ్లలో ఎంతమంది సమయానికి డిగ్రీ పూర్తి చేస్తున్నారన్నది అన్నిటికన్నా నిజాయితీ గల అంకె, అది బ్రోషర్లలో అరుదుగా కనిపిస్తుంది.

వీలుంటే వెళ్లి చూడండి, కానీ వాళ్లు పిలిచిన రోజు వద్దు. మామూలు పనిరోజు, సాయంత్రం పూట. ఒకసారి ఒక తండ్రి కూతురితో వచ్చారు, రూళ్ల నోట్‌బుక్ నిండా గళ్లు కొట్టి, ర్యాంకులు ఎర్ర సిరాతో రాసుకుని, రెండు గంటలు నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. చాలా మంచి ప్రశ్నలు. ఆ పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. లేచి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "లైబ్రరీ రాత్రి ఎన్నింటి దాకా ఉంటుంది?" అంది. ఆరింటికి మూసేస్తాం అన్నాను. ఇంకో చోట చేరిందని తర్వాత తెలిసింది. ఇంటిదగ్గర కూర్చుని చదువుకునే చోటు లేని పిల్లకు ర్యాంకు కన్నా ఆ గంట ముఖ్యం, తండ్రికి ఆ గడి గీయాలని తట్టలేదు.

వెళ్లినప్పుడు యూనివర్సిటీ వాళ్లు తోడిచ్చిన కుర్రాడిని అడిగితే అంతా బాగుందంటాడు, పాపం వాడి పని అది. రెండో ఏడాది పిల్లలు ఇద్దరు ముగ్గురిని విడిగా పట్టుకుని, "బాగుందా" అని కాకుండా, "పోయిన వారం ఎన్ని క్లాసులు జరగలేదు", "నీ పేరు తెలిసిన మాస్టార్లు ఎంతమంది" అని అడగండి. రెండో ప్రశ్న సరదాకి రాయలేదు. 2014లో సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి ముప్పై వేల మందికి పైగా పట్టభద్రులను అడిగితే, చదువు మీద ఉత్సాహం పుట్టించి, మనిషిగా పట్టించుకుని, కలలు నిజం చేసుకోమని వెన్నుతట్టిన అధ్యాపకులు దొరికినవాళ్లు తర్వాత ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా ఉంది. కాలేజీ ఏ రకానిది, ఎంత పేరున్నది అన్నదాంతో అంత తేడా రాలేదు. అది సర్వే, కారణం ఇదేనని దాంతో రుజువు కాదు, కానీ నా పంతొమ్మిదేళ్ల అనుభవానికి సరిగ్గా సరిపోయింది. మూడూ దొరికాయని చెప్పినవాళ్లు 14 శాతమే.

స్నేహితులు వెళ్తున్నారని వెళ్లడం గురించి అందరూ తిడతారు, నేను అంతగా తిట్టను. పక్కనున్నవాళ్ల ప్రభావం నిజమే. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో హాస్టల్ గదులు లాటరీలా కేటాయించేవాళ్లు కాబట్టి బ్రూస్ సాసెర్‌డోట్ అనే ఆర్థికవేత్త దాన్ని కొలవగలిగాడు, 2001లో రాశాడు. గదిలో తోడున్నవాళ్లను బట్టి మార్కులు కొద్దిగా మారాయి, ఏ విద్యార్థి సంఘంలో చేరారన్నది బాగా మారింది, ఏ ప్రధాన సబ్జెక్టు తీసుకున్నారన్నది మారలేదు. కాబట్టి స్నేహితురాలు ఉందని చేరితే ధైర్యంగా ఉంటుంది, మంచిదే, కానీ సబ్జెక్టు ఎవరిది వాళ్లదే.

ఫీజు గురించి ఒక్క మాట. మీరు ప్రస్తావించలేదు, బహుశా మాట్లాడుకోవడానికి మొహమాటమై ఉంటుంది. చాలా నిర్ణయాలు ఫీజు దగ్గరే ఆగుతాయి, పైకి మాత్రం "అక్కడి వాతావరణం నచ్చలేదు" అంటారు. మిషిగన్ యూనివర్సిటీ, బాగా చదివే పేదింటి పిల్లలకు "నీకు సీటొస్తే నాలుగేళ్లూ ట్యూషన్ ఫీజు లేదు, అదనంగా ఏ ఫారాలూ నింపక్కర్లేదు" అని ఒక ఉత్తరం పంపి చూసింది. ఉత్తరం అందనివాళ్లలో 26 శాతం దరఖాస్తు చేస్తే, అందినవాళ్లలో సుమారు 67 శాతం చేశారు, చేరినవాళ్లు రెట్టింపు దాటారు. తమాషా ఏమిటంటే వాళ్లలో చాలామందికి ఆ సాయం ఎలాగూ వచ్చేదే, ముందుగా గట్టిగా చెప్పినవాళ్లు లేరంతే. కాబట్టి రెండు చోట్లా మొత్తం ఎంతవుతుందో, స్కాలర్‌షిప్ ఎంత, అది రెండో ఏడాది కూడా ఉంటుందా, ఎన్ని మార్కులు తగ్గితే ఆగిపోతుందో చెల్లి ఎదురుగానే కూర్చుని రాయండి. పిల్లలు తమ వల్ల ఇంటికి భారమని లోపల అనుకుని, ఇష్టమైనదాన్ని తామే కొట్టేసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకా ఆప్షన్లు పెట్టుకునే దశలో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారేమో, వాళ్ల కోసం. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు సీట్ల కేటాయింపుకు ఒక పద్ధతి చూపించారు, ఆ దారిలో చేసిన పనికే 2012లో షాప్లీకి, ఆల్విన్ రాత్‌కు నోబెల్ వచ్చింది. సీటు తాత్కాలికంగా చేతిలో పెట్టుకుని, అంతకన్నా అర్హులు వస్తే వాళ్లకిచ్చే ఆ పద్ధతిలో నిజమైన ఇష్టక్రమమే రాయడం విద్యార్థికి మంచిది, పైన అందనిది రాసినంత మాత్రాన కింద ఉన్నది పోదు. మొదటి ఆప్షన్‌గా రాసినవాళ్లకే ముందు సీటిచ్చే పద్ధతైతే మాత్రం జాగ్రత్త. ఏ పద్ధతో కనుక్కుని రాయండి.

ఇక మీ చెల్లి విషయం. మీరు చెప్పినంతవరకు నేనైతే కోరుకున్న కోర్సు వైపే మొగ్గుతాను, కాకపోతే ఆ కోర్సు తనకు ఎందుకు కావాలో ముందు చూస్తాను. ఆ సబ్జెక్టులో సొంతంగా ఏదైనా చదివిందా, చేసిందా, లేక ఆ పేరు వినసొంపుగా ఉందా? రెండోదైతే కోర్సు మోజు కూడా ర్యాంకు మోజు లాంటిదే. అది మీరు అడిగితే చెప్పదు, ఇంట్లోవాళ్లు లేనప్పుడు ఏదో పని చేసుకుంటూ మాటల్లో తీయండి. రెండు డిపార్ట్‌మెంట్ల రెండో ఏడాది టైమ్‌టేబుళ్లు దొరికితే పంపండి, ఏ పేపరు దగ్గర ఏం అడగాలో గుర్తులు పెట్టి ఇస్తాను.